ఈనెలు మాత్రం ఆకుపచ్చగా

1వ రోజు

మా నాలుగో వరుసలో ఖాళీగా ఉన్న ఆరో గదికి ఈ రోజు మనుషులు వచ్చారు. ఆడమనిషి పేరు నూకరత్నం. ముప్పై దాటి ఉండవు. సముద్రం ముందుకొచ్చి ఊరు మునిగాక శ్రీకాకుళం వైపు నుంచి నడిచి, బండ్లెక్కి, మళ్లీ నడిచి వచ్చారట. వెంట ఆమె మామగారు అసిరయ్య ఒక్కడే. మొగుడు దారిలో పోయాడని అడక్కుండానే చెప్పింది. అసిరయ్యకు ఊపిరి సరిగా ఆడదు. మేముండే ఈ పాత గని మెట్లు దిగడానికే ఒక పూట పట్టింది.

కొత్తవాళ్లు వస్తే వరుస పెద్ద, అంటే నేను, పుస్తకం రాయాలని నియమం. నలభై ఐదు రోజులు, మూడు కోతలు. ఇచ్చిన అరలో ఆకుకూర పెంచి మూడుసార్లు కోసి చూపిస్తే లోపల ఉంటారు. లేకపోతే తిరిగి పైకి, గుడారాలకు. డిసెంబరు నెలలోనే పైన నలభై ఎనిమిది డిగ్రీలని నీళ్లు చూసే సిద్ధయ్య చెప్పాడు. అసిరయ్య అక్కడ వారం ఉండలేడు. ఈ పుస్తకం కమిటీ ముందు చదువుతారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయాలి.

కొత్త గదికి వాటా కావాలి కనుక వరుసలో అందరి బియ్యమూ కాస్త తగ్గాయి. నాకు తగ్గింది ముగ్గు కోసం దాచుకునే గుప్పెడు పిండి. దీపం వెలిగిస్తే గాలి ఖర్చని పదేళ్ల కిందటే వద్దన్నారు. అగరువత్తి కూడా వద్దన్నారు. గంట కొడితే రాతిలో మారుమోగి పక్క వరుసలవాళ్లు లేస్తారు. అహోబిలం స్వామికి నేను చేయగలిగిన పూజ ఇక ఒక్కటే, పొద్దున లైట్లు వెలగ్గానే వరుస ట్యాంకు ముందు ముగ్గు. గనివాళ్లు ఎప్పుడో రాయి కోసి వదిలేసిన పాత కోత గోడలో ఒకచోట తెల్ల చార ఉంది. గీకితే మెత్తని పొడి రాలుతుంది. రేపటి నుంచి దానితో వేస్తాను. పిండి కంటే తెల్లగానే ఉంది.

2వ రోజు

నూకరత్నానికి పని మొదలుపెట్టించాను. కొత్తవాళ్లకు ముందు మెంతికూర చేయించాలి. చెడగొట్టాలన్నా చెడదు. నిన్న నానబెట్టిన మెంతులను తడి పీచు మీద ఒత్తుగా చల్లించాను. ధనియాలను చెప్పుకింద వేసి రెండు బద్దలయ్యేలా నలిపి చల్లమన్నాను. పుదీనాకు విత్తనం అక్కర్లేదు, నా మొక్క నుంచి నాలుగు కాడలు తుంచి గ్లాసు నీళ్లలో పెట్టించాను. లైటు మొక్కకు జానెడు ఎత్తులో ఉండాలి. ఎత్తు ఎక్కువైతే మొక్క సాగి వాలిపోతుంది.

"నీళ్లు ఎన్నిమాట్లు పొయ్యాలమ్మా?" అంది.

"మాట్లు లెక్కపెట్టుకోకు తల్లీ. వేలు పెట్టి చూడు. తడి తగిలితే పోయొద్దు. ఎండి చచ్చే మొక్కల కంటే కుళ్లి చచ్చేవే ఎక్కువ."

"ఓలమ్మ, సముద్రం పక్కన పుట్టినదాన్ని. నీల్లు తక్కువ పొయ్యడం నాకెవులు నేర్పారు?"

నవ్వింది. నేను కూడా నవ్వి, ముఖ్యమైన నియమం చెప్పాను. తొట్టిలో మిగిలిన నీళ్లు కాలువలోకి పోతాయి. కాలువ నుంచి ఇసుకలోకి దిగి, తిరిగి మన ట్యాంకుకే వస్తాయి. గిన్నెలు కడిగినవైనా, నేల తుడిచినవైనా అంతే. ఇక్కడ పారబోయడం అనేది లేదు. అందుకని నీళ్లలో ఏదీ కలపకూడదు. ఉప్పు, పులుపు, సబ్బు, మందు, ఏదీ. అది దొంగతనం కంటే పెద్ద తప్పు.

ఆమె తలూపి, కుళాయి కింద దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో తిప్పి మింగింది. "సప్పగున్నాయి. మంచి నీల్లు" అంది. కొనేవాళ్లు సరుకు చూసినట్టు నీళ్లను నాలుకతో చూడటం నాకు కొంచెం వింతగా అనిపించింది.

6వ రోజు

మెంతులు రెండాకులు తొడిగాయి. ధనియాలు ఇంకా లేవలేదు, వాటికి పది రోజులు పడుతుందని చెప్పాను. ఆమె రోజుకు నాలుగుసార్లు పీచు ఎత్తి చూస్తోంది. చూడొద్దన్నాను.

సిద్ధయ్య ట్యాంకు పట్టిక రాసుకోవడానికి వచ్చాడు. "ఏం ఓబులక్కా, కొత్త శిష్యురాలు ఎట్ల ఉండాది? చేపలు పట్టినోళ్లకు మెంతికూర దొరుకుతాదా, జారిపోతాదా?" అన్నాడు.

"దొరికినకాడికి నీకే ఇత్తాను బాబూ, ముల్లుండవు, బయంనేకుండా తిను" అంది నూకరత్నం లోపలి నుంచి. సిద్ధయ్య పడిపడి నవ్వాడు.

నాకు ఎందుకో ఆ నవ్వు అంత నచ్చలేదు. వచ్చి వారం కాలేదు.

9వ రోజు

ధనుర్మాసం మొదలైంది. ఈ నెల రోజులూ పెద్ద ముగ్గే. ట్యాంకు ముందు నల్లటి నాపరాళ్ల మీద ఈ రోజు ఇరవై ఒక్క చుక్కలు పెట్టి పద్మాలు వేశాను. రాతి పొడి చేతిలోంచి జారడం బాగా అలవాటైంది. నిన్నటి ముగ్గు తడిగుడ్డతో తుడిచి, గుడ్డ పిండి, కొత్తది వేసేసరికి అరగంట పట్టింది.

అసిరయ్యను గుమ్మంలో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నేను వేస్తున్నంతసేపూ కళ్లార్పకుండా చూశాడు. "మా ముసల్ది ఏసేది ఇలాగ. ఇన్నాల్లకి మల్లీ సూసేను తల్లీ" అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాడు. పుదీనా ఆకు నమిలితే ఆయనకు కాస్త తేలిగ్గా ఉంటుందట. నా మొక్కది కోసి ఇచ్చాను.

13వ రోజు

చిన్న విషయమే, రాసి పెడుతున్నాను. నూకరత్నం పొద్దున కుళాయి నీళ్లు నోట్లో పోసుకుని మొహం చిట్లించింది.

"ఏటమ్మా, నీల్లు మారినాయి. సున్నంబట్టీ కాడ నీల్లలాగ నాలిక్కి పట్టేస్తన్నాయి."

సిద్ధయ్య రోజూ చూస్తాడమ్మా, మారవు అన్నాను. నాకైతే తేడా తెలియలేదు. పదేళ్లుగా ఎవరూ వంకపెట్టని నీళ్లకు ఈమె పదమూడు రోజుల్లో పెట్టింది. కోత సరిగా రాకపోతే చెప్పుకోవడానికి ఇప్పటి నుంచే ఒక కారణం చూసుకుంటోందేమో.

16వ రోజు

మొదటి కోత. మెంతికూర రెండు గుప్పెళ్లు వచ్చింది, బాగానే ఉంది. కత్తెరతో వేలెడు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుందని చూపించాను. కోతలో తప్పు లేదు.

కొత్త చిగుళ్లు కాస్త పాలిపోయాయి. నా తోటకూరలో కూడా.

19వ రోజు

పాలిపోవడం కాదు. జబ్బు. నా కొత్తిమీర లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. ప్రతి ఆకు మీదా ఎవరో సన్నని కలంతో గీసినట్టు ఉంది. మొదటి గదిలో రామసుబ్బమ్మ మిరప మొక్కలు కూడా అలాగే. వరుసలో ఆరు గదులూ చూశాను. ఆరింటిలోనూ ఉంది.

సిద్ధయ్య వచ్చి తల గోక్కున్నాడు. "పెద్ద ట్యాంకు నీళ్లు బాగనే ఉండాయి ఓబులక్కా. మూడో వరుస, ఐదో వరుస కళకళలాడతాండాయి. మీ వరుస ట్యాంకులోనే ఏదో పడతాండాది. నీళ్ల పరీక్ష కాగితాలు అయిపోయి మూడు నెలలాయె, ఏం పడతాందో నేనెట్ల చెప్పేది?"

అతను వెళ్లాక రామసుబ్బమ్మ నా గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించింది. "అక్కా, మన వరుసలో కొత్తగా వచ్చినదేంది? నువ్వే చెప్పు."

జవాబు నాకు కూడా తెలిసినట్టే అనిపించింది.

21వ రోజు

లైట్లు వెలిగే వేళకు ముగ్గుగిన్నె పట్టుకుని వెళితే ట్యాంకు దగ్గర నూకరత్నం ఉంది. నన్ను చూసి చేతిలోదేదో కొంగులో చుట్టేసింది.

"ఇంత పొద్దున్నే?" అన్నాను.

"మావకి నీల్లు, అమ్మా."

చేతిలో చెంబు లేదు.

ముగ్గు వేస్తున్నంతసేపూ నా మనసు ముగ్గు మీద లేదు. చుక్కలు రెండుసార్లు తప్పాయి. వరుసకు కీడు పట్టిందేమోనని ఇంకో రెండు వరుసల చుక్కలు ఎక్కువ పెట్టి, గడపలన్నిటికీ పట్టెలు వేశాను. గోడ దగ్గరకు రెండోసారి వెళ్లి పొడి తెచ్చుకోవలసి వచ్చింది.

23వ రోజు

ఈ రోజు చూసింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఐదు గదుల్లో ఆకులు ఇంకా పసుపెక్కాయి. రామసుబ్బమ్మ మిరపపూత రాలిపోయింది. నా పుదీనా చిగుళ్లు తెల్లబడుతున్నాయి. ఆరో గదికి వెళితే నూకరత్నం అరలో మెంతికూర పచ్చగా నిగనిగలాడుతోంది! లేత చిగురు కూడా ఆకుపచ్చే. అదే నీళ్లు, అదే లైటు, నేనిచ్చిన విత్తనమే.

"ఏం చేశావు తల్లీ?" అని మెల్లగా అడిగాను.

"నానేటి సేసినానమ్మా? మీరు సెప్పినట్టే. ఏలు పెట్టి సూసి పోస్తన్నాను."

నా కళ్లలోకి చూడలేదు. అర కింద, గుడ్డ చాటున చిన్న సీసా ఉంది. గోధుమరంగు నీళ్లు. నేను చూశానని ఆమె చూసింది. "అది మావ మందు" అంది.

అసిరయ్య మందు వైద్యశాల నుంచి నా చేతుల మీదుగానే వస్తుంది. అది తెల్లటి మాత్ర.

25వ రోజు

రెండు రోజులు దేవుడి ముందు కూర్చున్నాను. గట్టిగా మాట్లాడే మనిషిని కాను నేను. పోట్లాట నాకు చేతకాదు. రామసుబ్బమ్మ మాత్రం ఊరుకోలేదు. "నువ్విట్ల మెత్తంగా ఉంటే వరుసంతా ఎండిపోతాదక్కా. మన మొక్కలు చంపి తన మొక్క ఒక్కటే పచ్చంగా ఉండాదని కమిటీకి చూపిచ్చుకుంటాది. అప్పుడు మనం పనికిమాలినోళ్లం, ఆమె పనిమంతురాలు."

ఆ మాట నాకు సబబుగా తోచింది. అందుకని ఈ మధ్యాహ్నం కమిటీ పెద్ద మద్దిలేటి సారుకు చూసింది చూసినట్టు చెప్పాను. నా గొంతు వినబడక ఆయన రెండుసార్లు ముందుకు వంగాడు. "ఓబులమ్మగారు ఉత్తపుణ్యానికి ఒకరి మీద చెప్పే మనిషి కాదు" అని పక్కనున్న వాళ్లతో అన్నాడు.

వెంటనే వచ్చి సీసా పట్టుకెళ్లారు. ఆరో గది కుళాయికి, అరకు సీలు వేశారు. తాగడానికి కుండతో నీళ్లిస్తారు. ముప్పై ఎనిమిదో రోజున విచారణ. నీళ్లలో కలిపినట్టు తేలితే మర్నాడే పైకి.

సీలు వేస్తుంటే నూకరత్నం ఏడవలేదు. "పుదీనా ఒక్కటీ ఒగ్గీండి బాబూ. మావకి అదే ఊపిరి" అంది. నియమం ఒప్పుకోదన్నారు. ఆమె నా వైపు తిరిగింది. నేను తల దించుకుని పుస్తకంలో గడియ రాసుకున్నాను.

30వ రోజు

ఇరవై ఆరో రోజు నుంచి జ్వరం. లేవలేకపోయాను. ముగ్గు లేదు, పుస్తకం లేదు. రామసుబ్బమ్మ గంజి తెచ్చి ఇచ్చింది. గోడ అవతల అసిరయ్య దగ్గు రాత్రీ పగలూ వినబడుతూనే ఉంది.

31వ రోజు

స్వామి కరుణించాడు. లేచి చూసుకుంటే తోటకూర మధ్యలో కొత్త ఆకులు రెండు ఆకుపచ్చగా విప్పుకున్నాయి. అన్ని గదుల్లోనూ అంతే. రామసుబ్బమ్మ వరుస మొత్తానికి వినబడేలా అంది: "సీలు పడింది, ఆకు తిరిగింది. ఇంకేం విచారణ?"

సిద్ధయ్య కూడా, "నిజమే ఓబులక్కా, ఆ పిల్ల నవ్వు చూసి మోసపోతిని" అన్నాడు.

నా అనుమానం నిజమైంది. సంతోషించాలి కదా. జ్వరం నీరసమేమో, అన్నం సయించలేదు.

తలస్నానం చేసి, ఐదు రోజుల బాకీ తీరేలా ముగ్గు వేశాను. రథం, తాళ్లు, ఆ చివర నుంచి ఈ చివరకు. అసిరయ్య గుమ్మంలో లేడు. తలుపు వేసి ఉంది.

36వ రోజు

కొత్త ఆకులు మళ్లీ పసుపెక్కాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా.

ఆరో గది కుళాయి సీలు నేనే చేత్తో తడిమి చూశాను. చెక్కు చెదరలేదు. అర సీలు కూడా. కుండ నీళ్లు ఇద్దరికీ తాగడానికే చాలవు.

అయితే ఎవరు? ముందుగా రామసుబ్బమ్మ మీదికి పోయింది మనసు. అంత గట్టిగా అరిచేవాళ్ల మీద అనుమానం రావడం తేలిక. ఆమె గిన్నెలు కడిగే చోటు చూశాను. ఇసుక, పీచు తప్ప ఏమీ లేవు. సిద్ధయ్య సంచి కూడా, అతను చూడకుండా తెరిచి చూశాను. ఆ పని చేసినందుకు సిగ్గుపడుతున్నాను.

చివరికి గదిలోకి వచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. ఎవరు ఎప్పుడు ఏం చేశారో ఇందులోనే ఉండాలి కదా అని. పదో తరగతిలో మా లెక్కల అయ్యవారు, జవాబు రాకపోతే ప్రశ్న మళ్లీ చదువు అనేవారు.

రెండో రోజు నీళ్లు చప్పగా ఉన్నాయి, పిండి బదులు గోడ పొడితో ముగ్గు మొదలైంది ఆ రోజే. పదమూడో రోజుకు సున్నం రుచి. పెద్ద ముగ్గులు మొదలైంది తొమ్మిదో రోజు. పంతొమ్మిదికి జబ్బు ముదిరింది. ఇరవై ఒకటిన నేను రెండింతలు వేశాను, ఇరవై మూడుకు మిరపపూత రాలింది. ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా జ్వరం. ఆ ఐదు రోజులూ ముగ్గు లేదు. ఆకు తిరిగింది. ముప్పై ఒకటి, రథం.

పుస్తకం మూసి ట్యాంకు దగ్గరకు వెళ్లాను. పొద్దున ముగ్గు తుడిచిన గుడ్డ అక్కడే ఉంది. నీళ్లలో ముంచి పిండాను. పాలలాంటి నీళ్లు నాపరాయి మీద జారి, కాలువ పట్టుకుని, ఇసుక గుంటలోకి దిగిపోయాయి.

కుళాయి కింద దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో తిప్పాను, ఆమె చేసినట్టే. కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత నాలుక చివర, తాంబూలంలో సున్నం ఎక్కువైనప్పటిలా పట్టింది.

37వ రోజు

ఆరో గది తలుపు తట్టాను. అసిరయ్య పడుకుని ఉన్నాడు. ఎముకల మీద చర్మం లేస్తూ పడుతూ ఉంది. నూకరత్నం నన్ను లోపలికి రమ్మనలేదు.

"ఆ సీసాలో ఏముంది తల్లీ? నిజం చెప్పు. ఎవరికీ చెప్పడానికి కాదు."

"మీకు సెప్తే మొత్తం కమిటీకి సెప్పినట్టే కదమ్మా."

అన్నమాటలో తప్పు లేదు. నిలబడే ఉన్నాను. తనే అంది.

"సింతపండు. దారిలో తిననాకి తెచ్చుకున్న ఉండ. మా కాడ ఉప్పుసున్నం నీల్లకి నాలుగు సుక్కలు పులుపు ఏసి మొక్కకి పోసేవోరు. నీల్లు మారినాయని మీకు సెప్పినాను. ఇన్లేదు. మూడు కోతలు రాకపోతే మావ సచ్చిపోతాడు. ఏటి సెయ్యమంటారు? మా తొట్టిలోనే ఏసుకున్నాను. టేంకులో ఎయ్యలేదు. ఆ పొద్దు టేంకు కాడకొచ్చింది, అక్కడి నీల్లు కూడా అలగే ఉన్నాయా అని నోట్లో ఏసుకుందారనే. కొంగులో సుట్టింది ఆ సింతపండు ఉండే, గదిలో ఒగ్గితే ఎవులైనా సూత్తారని."

"మరి మందు అని ఎందుకు చెప్పావు?"

"పులుపు కలపకూడదని సెప్పినోరు మీరే కదమ్మా."

నా కొంగున కట్టుకెళ్లిన రాతి పొడి చూపించాను. ఆమె చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంది. నా మొహం వంక చూసింది. తిట్టలేదు. "ముగ్గా?" అంది, అంతే. తర్వాత తలుపు మెల్లగా వేసేసింది.

38వ రోజు

విచారణ పొద్దున పది గంటలకు. దానికి ముందే మద్దిలేటి సారును కలిసి అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఓబులమ్మగారూ, ఆమె పులుపు కలిపిన మాట నిజమే కదా. నియమం తప్పింది. దాంతోనే ముగించేస్తాను. మీ పేరు ఎందుకు మధ్యలో? పదేళ్లుగా వరుస పెద్ద మీరు. మీరే నీళ్లు చెడగొట్టారంటే రేపు ఎవరి మాట ఎవరు నమ్ముతారు? ముగ్గు ఆపేయండి. అన్నీ సర్దుకుంటాయి."

ఆయన మంచి మాటే చెబుతున్నట్టు చెప్పాడు. నేను తలూపితే చాలు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం తలూపబోయాను.

అందరూ కూర్చున్నారు. నన్ను పుస్తకం చదవమన్నారు. మొదటి నుంచి చదివాను. వెనకనుంచి, "వినపడట్లేదమ్మా, గట్టిగా" అన్నారు. గట్టిగా చదివాను. నా గొంతు రాతికి తగిలి నాకే తిరిగి వినబడటం అదే మొదటిసారి. ముప్పై ఆరో రోజు చదువుతుంటే రామసుబ్బమ్మ లేచింది. "అక్కకు జ్వరం తగ్గలేదు సార్, ఏదో మాట్లాడతాంది."

సీసా తెప్పించమని అడిగాను. చింతపండు రసం గిన్నెలో పోసి, అందులో నా ముగ్గు పొడి గుప్పెడు వేశాను. గిన్నె అంచుదాకా సన్నటి బుడగలు పొంగి, బుసబుసమని నురగ కట్టింది. ముందు వరుసలో వాళ్లు వెనక్కి జరిగారు.

సిద్ధయ్య వంగి చూసి నుదురు కొట్టుకున్నాడు. "సున్నపు రాయి! అందుకే కదా సార్ గోడలకంతా రంగు పూసింది, పొడి నీళ్లలో పడకూడదని. దుమ్ముకని అనుకున్నారు అందరూ. పాత కోత గోడకు పూయడం మరిచినారు. ఓబులక్కా, రోజూ గుప్పెడు పోసినావా దీన్ని?"

"రోజూ" అన్నాను. "ఈ మధ్య నాలుగు గుప్పెళ్లు. వరుస బాగుండాలని."

నూకరత్నం ఒక మూల నిలబడి ఉంది. నేను ఆమె వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాను. "ఆమె రెండుసార్లు నిజం చెప్పింది. నీళ్లు మంచివని ఒకసారి, మారాయని ఒకసారి. రెండూ నా చేత్తోనే ఈ పుస్తకంలో రాశాను. రాసి కూడా నమ్మలేదు. ఆమె అబద్ధమాడింది ఒక్కసారి, అదీ నేను భయపెట్టబట్టి. ఆమెను పైకి పంపాలంటే ముందు నన్ను పంపండి."

రామసుబ్బమ్మ కూర్చుండిపోయింది. మద్దిలేటి సారు కళ్లద్దాలు మళ్లీ తీశాడు.

మధ్యాహ్నానికి సీలు విప్పారు. చెడిన రోజులు లెక్కలోంచి తీసేసి, మిగిలిన రెండు కోతలకు మళ్లీ గడువిచ్చారు. వరుస పెద్దగా నన్ను తీసేయమన్నాను. తీసేయలేదు. అయితే ఇక ఆరో గది గురించి నేను రాసింది ఏదైనా నూకరత్నానికి చదివి వినిపించి, ఆమె సంతకం పెట్టాకే చెల్లుతుందన్నారు. పాత కోత గోడకు రంగు పూశారు. నా ముగ్గుగిన్నె సిద్ధయ్య తీసుకెళ్లాడు. అడక్కుండానే ఇచ్చాను.

39వ రోజు

మా వరుసలో ఒక్క పుదీనా కాడ కూడా ఆకుపచ్చగా మిగలలేదు. ఐదో వరుసవాళ్లది ఒకటి అడిగి తెచ్చాను. ఆరో గది గుమ్మంలో పెట్టాను. నూకరత్నం చూసి, తీసుకుని, గ్లాసులో పెట్టుకుంది. ముందు గ్లాసులోని నీళ్లు నోట్లో పోసుకుని చూసింది, నా కళ్ల ముందే.

"చూడమ్మా" అన్నాను. "రోజూ చూడు."

"సూత్తాను" అంది.

ఇది ఆమెకు చదివి వినిపించాను. "'నా కళ్ల ముందే' అని ఎందుకు రాసినారు?" అంది. నిజం కదా అన్నాను. సంతకం పెట్టింది.

60వ రోజు

రెండో కోత. మెంతికూర మూడు గుప్పెళ్లు, కొత్తిమీర ఒక కట్ట. చిగుళ్లన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. కోతలో తప్పు లేదు.

ఆమె ఇప్పటికీ రోజూ కుళాయి తిప్పగానే ముందు గుక్క నోట్లో వేసుకుంటుంది. తర్వాత ఒకసారి నా తలుపు వైపు చూస్తుంది. ఆ చూపు నాకు తెలిసిన చూపే. ఇరవై రోజులు నేను ఆమెను చూసింది అలాగే.

అసిరయ్య ఈ రోజు మళ్లీ గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. నేను ట్యాంకు ముందు నేల తుడుస్తున్నాను.

"ముగ్గేదమ్మా?" అన్నాడు.

"వద్దన్నారండీ. పొడి నీళ్లలో పడుతుంది."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మా ముసల్ది పిండి నేనినాడు కూడా ఏసేది."

"దేనితో?"

నేను తుడిచిన తడి రాయి వంక చూశాడు. నేను చెంబులో నీళ్లు తీసుకున్నాను. ట్యాంకువే. వేళ్లు ముంచి నల్లరాయి మీద చుక్క పెట్టాను. తడి చుక్క నల్లగా మెరిసింది. ఇంకోటి పెట్టాను. పదకొండు చుక్కలు పెట్టి గీతలు కలపడం మొదలుపెట్టాను.

తల ఎత్తితే నూకరత్నం నా వెనక నిలబడి ఉంది. వంగి చెంబులో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుంది. వెళ్లి మామగారి పక్కన కూర్చుంది.

చివరి గీత కలిపేలోపు మొదటి చుక్కలు ఆరిపోయాయి. అసిరయ్య ఇంకా చూస్తున్నాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

చదవగా విన్నాను. నూకరత్నం.